టీలో ముంచిన బన్ను

మా వాషింగ్ మెషీన్ బట్టలు ఉతకడం అయిపోగానే చిన్న పాట పాడుతుంది. సౌదీలోని ఈ జుబైల్ వచ్చిన మొదటి వారం ఆ పాట వినడానికే రోజుకు రెండుసార్లు ఉతికాను. ఇప్పటికీ అది పాడగానే ఏ గదిలో ఉన్నా "వస్తున్నా" అంటాను. పగలంతా ఈ ఇంట్లో నన్ను పిలిచేది అదొక్కటే.

నా పేరు స్వర్ణ. పెళ్ళయి డెబ్భై తొమ్మిది రోజులు. మా ఆయన అమర్నాథ్ ఇక్కడ ఒక ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు. నేను వచ్చిన మూడు వారాలకే షట్‌డౌన్ మొదలైంది. షట్‌డౌన్ అంటే ప్లాంటు మొత్తం ఆపేసి, నెలన్నరపాటు గొట్టాలూ వాల్వులూ విప్పి, బాగుచేసి మళ్ళీ బిగించడం. ఆ నెలన్నరా శుక్రవారం సెలవు కూడా ఉండదు. ఆయన తెల్లవారుజామున నాలుగున్నరకి కంపెనీ బస్సు ఎక్కితే సాయంత్రం ఏడింటికి దిగుతారు. అన్నం తిని, నేనేదో చెబుతుంటే సగంలో నిద్రపోతారు. మిగతా సగం ఆయన చెవికి చెప్పేసి నేనూ పడుకుంటాను.

అలాగని సంతోషం లేదనుకోకండి. ఆయన టిఫిన్ డబ్బా ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాదు. ఒకరోజు అందులో చిన్న ఇత్తడి వాషర్ వచ్చింది, ఒకరోజు పొడుగాటి చక్కెర పొట్లం, ఇంకోరోజు ప్లాంటు గేటు దగ్గర చెట్టుది ఎండిపోయిన పువ్వు. ఎమ్మెస్సీ చదివినదాన్ని, ఇత్తడి వాషర్‌ని చూసి వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను. చూసి నవ్వేవాళ్ళు లేరు. ఉంటే బాగుండేది.

పస్కాకి పదిరోజుల ముందు అత్తయ్య ఫోన్ చేశారు.

మా రెండు కుటుంబాలూ బాపట్ల దగ్గర ఒక చిన్న క్రైస్తవ సహవాసంలోవి. మొత్తం కలిపి నలభై ఇళ్ళు ఉండవు. మేం క్రిస్మస్ చెయ్యం. ఏడాదికి ఒక్కసారి, బైబిలు లెక్కలో మొదటి నెల పద్నాలుగో రోజు పొద్దుకుంకాక పస్కా ఆచరిస్తాం. ముందు ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతాం, మగవాళ్ళు మగవాళ్ళకి, ఆడవాళ్ళు ఆడవాళ్ళకి. తర్వాత పులియని రొట్టె, ద్రాక్షారసం. ఆ మర్నాటి సాయంత్రం నుంచి ఏడు రోజులు ఇంట్లో పులిసినదేదీ ఉండకూడదు. బ్రెడ్డు, బిస్కెట్టు, ఇడ్లీ పిండి, అన్నీ పస్కాకి ముందే బయటికి వెళ్ళిపోవాలి. ఇక్కడ మాకు సంఘం లేదు. మా ఇద్దరమే సంఘం. కర్టెన్లు వేసుకుని, గొంతు తగ్గించి ఆచరించుకోవాలి. భార్యాభర్తలే ఉంటే ఒకరి కాళ్ళు ఒకరు కడుక్కోవచ్చని ఊళ్ళో సంఘాన్ని నడిపే పెద్దయ్యగారు ముందే చెప్పారు. ఆ మాట విన్నప్పుడు సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

"ఇల్లు తుడవడం మొదలుపెట్టావా?" అన్నారు అత్తయ్య.

"రేపటినుంచి అత్తయ్యా."

"ఊరికే గుడ్డ పెట్టి తోమెయ్యడం కాదు. ఒక్కో అర తుడిచేటప్పుడు ఒక్కో మనిషిని తలుచుకో. మా అమ్మ నాకు అలాగే నేర్పింది. ఆ మనిషికి నువ్వేం చేశావో తలుచుకో. ఆ మనిషి నీకేం చేసిందో కాదు. అది మనకి ఎలాగూ గుర్తుంటుంది."

నాకు భలే నచ్చింది. కాగితం మీద అరలన్నీ రాసుకున్నాను. వంటింట్లో తొమ్మిది, హాల్లో నాలుగు, పడకగదిలో ఆరు. పక్కన మనుషుల పేర్లు రాయబోతే జుబైల్‌లో నాకు తెలిసినవాళ్ళు నాలుగు అరలకే అయిపోయారు. మా ఆయన, ఎదురు ఫ్లాటు ఆస్మా అక్క, కూరగాయల కొట్టు ఇష్తియాక్ భాయ్, కింద లిఫ్టు దగ్గర ఎప్పుడూ సలాం చెప్పే పేరు తెలియని పెద్దాయన. ఆ పెద్దాయనకి నేనేం అన్యాయం చేసి ఉంటానా అని చెప్పుల అర ముందు అరగంట కూర్చున్నాను. ఒకసారి సలాం చెబితే తిరిగి చెప్పలేదని గుర్తొచ్చింది. మర్నాడు వెళ్ళి రెండుసార్లు చెప్పాను. ఆయన కొంచెం భయపడ్డట్టున్నాడు.

తర్వాత ఊరి మనుషుల దగ్గరికి వెళ్ళాను. గిన్నెల అరకి మా అమ్మ, పప్పుల డబ్బాలకి పెద్దమ్మ, మంచం కింద పెట్టెలకి మా తమ్ముడు. రోజుకు రెండు అరలు. తుడుస్తూ పాడుకుంటూ, మధ్యలో కాస్త ఏడ్చి, మళ్ళీ తుడుస్తూ ఉంటే రోజులు బాగానే గడిచాయి. కానీ ఒక చోటు మాత్రం కాగితంలో అడుగున మిగిలిపోయింది. ఫ్రిజ్ వెనక. బరువు, ఒక్కదాన్నే జరపలేనని దాన్ని చివరికి పెట్టాను. దాని పక్కన నమ్రత అని రాశాను. రాసిన క్షణంలోనే ఆ కాగితం తిరగేసి పెట్టేశాను.

పస్కా రోజు పొద్దున్న మిగిలిన పులిసిన సామానంతా పోగుచేసి ఆస్మా అక్క తలుపు కొట్టాను. ఆమెది ప్రొద్దుటూరు, భర్త డ్రైవరు. ఇడ్లీ పిండి గిన్నె, సగం బ్రెడ్డు, మూడు ఖుబుజు రొట్టెలు, రస్కుల పొట్లం చూసి ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏం స్వర్ణా, ఇల్లు ఖాళీ చేసి పోతాండావా? మీ ఆయన తరిమేసినాడా ఏం?"

"లేదక్కా, మా పండగ. వారంరోజులు ఇవి ఇంట్లో ఉండకూడదు."

"ఇంతేనా? ఇంకేమన్నా ఉండాయా? ఉంటే తే, సిగ్గుపడొద్దు. మా పిల్లోళ్ళు తింటారు." గిన్నె లోపల పెట్టొచ్చి మళ్ళీ అంది, "మేమూ రంజాన్ ముందర అంతా కడుక్కుంటాంలే. అందరికీ మెసేజులు పెడతాం, తెలిసీ తెలియక తప్పు చేసుంటే మాఫ్ చేయండని. నూటయాభై మందికి ఒకటే మెసేజు. ఎవురికి పెట్టాల్నో ఆ ఒక్కరికి మాత్రం పెట్టం."

ఆమె తన తోడికోడలి గురించి నవ్వుతూ అన్న మాట అది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి తలుపు గడియ వేశాక ఆ నవ్వు మొహం మీద ఎండిపోయిన పిండిలా బిగుసుకుపోయింది.

ఫ్రిజ్ మీద ఒక రేకు డబ్బా ఉంది. అది ఆస్మా అక్కకి ఇవ్వలేదు. అందులో గుంటూరు హాస్టలు సందు బేకరీ ఉప్పు బిస్కెట్లు. పెళ్ళికి వచ్చినప్పుడు నమ్రత తెచ్చిచ్చింది. "విమానంలో తింటావో, మీ ఆయనకి పెడతావో నీ ఇష్టం" అంది. రోజుకు ఒకటి చొప్పున తింటూ వచ్చాను. ఇంకా ఆరు మిగిలాయి.

ఫ్రిజ్‌ని గోడకి కాలు తన్నిపెట్టి జరిపాను. అంత బరువేమీ లేదు. వెనక దుమ్ము, ఒక ప్లాస్టిక్ చెంచా, మాకంటే ముందున్నవాళ్ళు ఎవరో తిన్న ఖుబుజు ముక్క రాయిలా గట్టిపడి ఉన్నాయి. నేల మీద కూర్చుని తలుచుకోవడం మొదలుపెట్టాను.

నమ్రతా నేనూ ఎమ్మెస్సీలో ఒకే గదిలో ఉన్నాం. ఇద్దరిదీ ఒకే సహవాసం కాబట్టి మావాళ్ళు మమ్మల్ని కలిపే వేశారు. రెండేళ్ళ కిందట పస్కా రాత్రి ఊళ్ళో మా ఇద్దరిదీ ఒకే బేసిను. అది నా కాళ్ళు కడిగింది, నేను దాని కాళ్ళు కడిగాను. చక్కిలిగిలి పెట్టిందని నవ్వితే పెద్దమ్మ నెత్తిన మొట్టింది. ఆ సాయంత్రమే వేడినీళ్ళ బకెట్లు మోస్తూ, ప్యాంటు మడిచిన ఒకాయన్ని చూశాను. సౌదీ నుంచి సెలవు మీద వచ్చాడని, పేరుతో సహా ఎవరో చెప్పారు.

పరీక్షలున్నాయని పులియని రొట్టెల వారంలోనే హాస్టలుకి వచ్చేశాం. నమ్రతకి జ్వరం పట్టుకుంది. మూడు రోజులు నూటమూడు దిగలేదు. అన్నం వాసన చూస్తే వాంతి. మేం చేసి తెచ్చుకున్న పులియని రొట్టెలు అట్టముక్కల్లా ఉన్నాయి, మింగలేకపోయింది. మూడో రోజు నేనే సందులోకి వెళ్ళి బన్ను కొనుక్కొచ్చాను. అది తల అడ్డంగా ఊపింది. పండగ రోజులే, వద్దే అంది. "తినవే, దేవుడికి జ్వరం అంటే ఏంటో తెలియదా" అని నేనే టీలో ముంచి ముక్క ముక్కగా నోట్లో పెట్టాను.

రెండు నెలల తర్వాత ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. ఇప్పుడామె మా అత్తయ్య. వాళ్ళబ్బాయికి నమ్రతని చూద్దామనుకుంటున్నారు. ఒకే గదిలో ఉన్నావుగా, పిల్ల ఎలాంటిది అని అడిగారు. బాగా చదువుతుంది, మంచిది, పాటలు బాగా పాడుతుంది, అన్నీ చెప్పాను. ఆమె ఫోన్ పెట్టేయబోతుండగా నేను ఇంకొక్క మాట అన్నాను.

"మొన్న పండగ రోజుల్లో మాత్రం బన్ను తిన్నదండీ."

అంతే. జ్వరం అనలేదు. తెచ్చింది నేనని అనలేదు. ఆ సంబంధం ఆగిపోయింది. ఎనిమిది నెలల తర్వాత అదే సంబంధం మా ఇంటికి వచ్చింది.

ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నదేమిటంటే, అడిగారు కాబట్టి నిజం చెప్పాను, అబద్ధమేమీ ఆడలేదు కదా అని. ఫ్రిజ్ వెనక నేల మీద కూర్చుంటే ఇంకొకటి గుర్తొచ్చింది. ఫోన్లో ఆమె అబ్బాయి పేరు చెప్పగానే నాకు ప్యాంటు మడిచిన కాళ్ళు కనిపించాయి. ఆ మాట దాని తర్వాత అన్నాను.

ఈ సాయంత్రం ఆ కాళ్ళే కడిగి, రొట్టె విరిచి తినాలి.

నమ్రతకి ఫోన్ చెయ్యాలని పది గంటలకే అనుకున్నాను. తర్వాత ఎండుద్రాక్ష కాచాను. ఇక్కడ పస్కాకి పనికొచ్చే ద్రాక్షారసం దొరకదు కాబట్టి ఎండుద్రాక్ష నీళ్ళలో ఉడికించి వడకట్టుకుంటాం. రొట్టె కాల్చాను. కర్టెన్లు ఇస్త్రీ చేశాను. ఎవరైనా కర్టెన్లు ఇస్త్రీ చేస్తారా? సాయంత్రం నాలుగుంముప్పావు అయింది, అంటే ఇండియాలో ఏడుంబావు. పొద్దుకుంకాక మావాళ్ళు పస్కాకి వెళ్ళేటప్పుడు గుమ్మంలో వెదురుబుట్ట పెడతారు. ఫోన్లన్నీ కట్టేసి అందులో వెయ్యాలి. ఇళ్ళకి వెళ్ళాక కూడా ఆ రాత్రి ఎవరూ ఫోన్ ముట్టుకోరు. ఆ బుట్ట సంగతి నాకు తెలుసు. తెలిసే ఆ టైముకి చేశాను. ఎత్తదు. రెండుసార్లు చేశాను, దొరకలేదు అని దేవుడితో చెప్పుకుందామనుకున్నాను.

రెండో రింగుకే ఎత్తింది.

"ఏమే పెళ్ళికూతురా," అంది నమ్రత. "దారి తప్పి చేశావా?"

వెనకాల ప్రెషర్ కుక్కర్ కూత వేస్తోంది. హైదరాబాదులో తను ఉద్యోగం చేస్తూ ఇద్దరమ్మాయిలతో కలిసి ఉంటోందని నాకు తెలుసు.

"నువ్వు... పస్కాకి ఊరు వెళ్ళలేదా?"

"లేదు."

"అక్కడ కూడా ఎవరింట్లోనో చేస్తారుగా. అక్కడికైనా..."

"పోయినేడూ వెళ్ళలేదు. ఇప్పుడా తెలుసుకోవడం?" గొంతులో కోపం లేదు. కుక్కర్ కింద మంట తగ్గించినట్టుంది, చప్పుడు ఆగింది. "సరే చెప్పు. ఊరికే చెయ్యవు నువ్వు."

చెప్పాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. ప్యాంటు మడిచిన కాళ్ళ సంగతి కూడా చెప్పాను. చెప్పాక ఫోన్ చెవి దగ్గర్నుంచి తీశాను. కట్ అయిందేమోనని చూశాను. లేదు.

"బన్ను సంగతి ఎలా తెలిసిందా అనుకున్నాం," అంది చివరికి. "పెద్దయ్యగారు నాన్నని పిలిచి అడిగారు. నన్ను నిలబెట్టి అడిగారు. తిన్నాను అన్నాను. ఎవరు తెచ్చారన్నారు."

"ఏం చెప్పావు?"

"హాస్టలు ఆయమ్మ తెచ్చిందన్నాను."

నేను కళ్ళు మూసుకున్నాను.

"నీకూ సంబంధాలు చూస్తున్నారు కదే అప్పుడు," అంది. "నీ పేరు చెబితే నీదీ పోతుందని. భలే పనిచేశాను కదా?"

"నమ్రతా, నన్ను క్షమించవే."

"ఇవాళ పస్కా కాబట్టి అడుగుతున్నావు."

"అవును."

"పొద్దుకుంకేలోపు మనసులోంచి తీసెయ్యమంటే నావల్ల కాదు స్వర్ణా. నీకు చెప్పకుండా ఉండేదాన్నే, అడిగావు కాబట్టి చెబుతున్నా. ఆయన కోసం కాదు నా బాధ. ఆయన్ని నేను సరిగ్గా చూడనేలేదు. ఆ రోజు అందరి ముందూ నిలబడ్డాను చూడు, అందుకు. అప్పటినుంచి ఆ గుమ్మం ఎక్కబుద్ధి కావట్లేదు." కుక్కర్ మళ్ళీ కూత వేసింది. "అన్నం మాడుతోంది, పెట్టేస్తున్నా," అంది.

ఆరింటికి పొద్దు కుంకింది. మసీదు నుంచి బాంగు వినిపించింది. రొట్టె మీద తెల్లగుడ్డ కప్పి, బేసినూ తువ్వాలూ హాల్లో పెట్టి, మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం చూస్తూ కూర్చున్నాను. రోజూ ఈ టైముకి జడ వేసుకుని, డబ్బాలో ఏముంటుందా అని ఊహించుకుంటూ తలుపు దగ్గర తిరుగుతుంటాను. ఇవాళ ఏడింటికి ఆయన వచ్చి డబ్బా చేతికిస్తే మూత తియ్యలేదు.

ఆయన స్నానం చేసి తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. "వేడినీళ్ళు పెట్టావా?" అన్నారు.

"ముందు మీతో ఒకటి చెప్పాలి."

రెండోసారి చెప్పడం సులువవుతుందనుకున్నాను. కాలేదు. ఆయన నేలవైపు చూస్తూ విన్నారు. ఒక్కసారి కూడా ఆపలేదు. పగిలిపోతుందని తెలిసీ గాజుగ్లాసు బల్ల అంచున పెట్టినట్టు ఒక్కో మాటా పెట్టాను.

"బన్ను తెచ్చింది నువ్వా?"

"నేనే."

"అమ్మకి తెలుసా?"

"తెలియదు. ఇవాళ ఫోన్లు బుట్టలో ఉంటాయి."

తువ్వాలు మళ్ళీ మడత పెడుతూ అన్నారు, "అమ్మ నాతో ఒకటే మాట చెప్పింది. ఆ అమ్మాయికి దైవభయం లేదురా అంది. నేను సరే అన్నాను. ఎందుకు తిన్నది, ఒంట్లో బాగుందా లేదా అని అడగొచ్చు. మీటరులో ఒక రీడింగు తేడా వస్తే పది చోట్ల సరిచూస్తాను. మనిషి సంగతి ఒక్కచోట కూడా సరిచూడలేదు."

"నేను ఇవాళ రొట్టె తీసుకోలేనండీ."

"వాక్యంలో ఉన్నది పరీక్షించుకుని మానెయ్యమని కాదు కదా. పరీక్షించుకుని తీసుకోమని."

"తీసుకుంటాను. అత్తయ్యకి చెప్పాక. పెద్దయ్యగారికి చెప్పాక. వాళ్ళు నమ్రతని పిలిచి, తప్పు మాదేనమ్మా అన్నాక."

మా సహవాసంలో ఒక పద్ధతి ఉంది. ప్రయాణంలో ఉన్నవాళ్ళు, ఇంట్లో శవం లేచినవాళ్ళు, ఏ కారణం చేతనైనా ఆ రోజు పస్కాకి కూర్చోలేనివాళ్ళు సరిగ్గా నెల తర్వాత, రెండో నెల పద్నాలుగున ఆచరిస్తారు. చిన్నప్పటినుంచీ అది ముసలివాళ్ళకీ రైళ్ళు తప్పిపోయినవాళ్ళకీ అనుకునేదాన్ని.

ఆయన రొట్టె మీది గుడ్డ సరిచేశారు. "అయితే నేనూ వచ్చే నెలే," అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్న గొంతు కాదు అది. నావైపు చూడలేదు కూడా.

బేసిను అలాగే ఉంది. ఆయన కాళ్ళు చూశాను. పద్నాలుగు గంటలు సేఫ్టీ బూట్లలో ఉండి వాచిపోయాయి, సాక్సు అచ్చులు చీలమండల చుట్టూ లోతుగా పడ్డాయి. వేడినీళ్ళు తెచ్చి, అందులో గుప్పెడు ఉప్పు వేసి ఆయన ముందు పెట్టాను.

"ఇది పస్కా కాదు," అన్నాను. "వాచాయి కాబట్టి."

ఆయన కాళ్ళు అందులో పెట్టారు. నేను ముట్టుకోలేదు. నీళ్ళు చల్లారేదాకా ఎదురుగా కూర్చున్నాను. తర్వాత ఆయనే బేసిను తీసుకెళ్ళి పారబోసి పడుకున్నారు. ఆ రోజు ఆయన చెవికి చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. గోడవైపు తిరిగిన ఆ వీపుకి జానెడు దూరంలో పడుకుని, ఇంత దగ్గరగా ఉండి కూడా మనిషి ఇంత దూరం వెళ్ళగలడా అనుకున్నాను.

పొద్దున్న నాలుగింటికి పులియని రొట్టెలు కాల్చి టిఫిన్ డబ్బా కోసం చూస్తే, నిన్న మూత తియ్యలేదని గుర్తొచ్చింది. తీశాను. లోపల ఒక చిన్న తెల్లరాయి, ఉప్పుపలుకులా మెరుస్తూ. నిన్న, నేను చెప్పకముందు, ఆయన ఏరి పెట్టింది. వాషర్ పక్కన గూట్లో పెట్టాను. ఆయన బూట్లు కట్టుకుని, డబ్బా అందుకుని, గుమ్మంలో ఒక్క క్షణం ఆగారు.

"అమ్మకి నేను చెప్పనా?"

"వద్దు. నేను చెప్పాలి."

తలూపి వెళ్ళిపోయారు. బస్సు తలుపు మూసుకున్న చప్పుడు మూడో అంతస్తుదాకా వినిపించింది. బిస్కెట్ల డబ్బా తీసుకెళ్ళి ఆస్మా అక్క గుమ్మం ముందు పెట్టి వచ్చాను. ఆరూ అలాగే ఉన్నాయి.

ఇండియాలో ఏడు దాటింది. ఫోన్లు బుట్టలోంచి బయటికి వచ్చి ఉంటాయి. అత్తయ్య పొయ్యి దగ్గర ఉంటారు, ఫోన్ కిటికీలో ఉంటుంది. నేను ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య నిన్న తుడిచిన చోట కూర్చుని నంబరు నొక్కాను. ఇంకా దాన్ని వెనక్కి జరపలేదు.

"స్వర్ణా," అన్నారు అత్తయ్య సంతోషంగా. "ఎలా జరిగిందమ్మా పస్కా? ఇల్లంతా తుడిచావా?"

"తుడిచాను అత్తయ్యా. ఫ్రిజ్ వెనక కూడా," అన్నాను. "అక్కడ ఒకళ్ళని తలుచుకున్నాను. ఆ మాట మీకే చెప్పాలి. మీకు పని ఉన్నా సరే, కాసేపు కూర్చోండి."

పీట లాగిన చప్పుడు వినిపించింది.

"కూర్చున్నా, చెప్పు," అన్నారు.